పొరుగు చెప్పిన దారి

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారికి దాపున, ఎర్రగుడి పొలిమేరలో ఏనుగుకొండ అని ఒక గుట్ట ఉంది. దాని బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి కంట పడేదాకా వాటి సంగతి బయటి లోకానికి తెలియదు. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, మడక దున్నినట్టు సాగుతాయి. పండితులు ఈ వింత గురించి చాలా రాశారు. నన్ను మాత్రం అందులోని విషయం ఎక్కువగా ఆకట్టుకుంటుంది. రాజు మాట ఎవరి నుంచి ఎవరికి చేరాలో ఆ శాసనం వరస పెట్టి చెబుతుంది. పై అధికారులు రజ్జుకుడు అనే గ్రామీణ అధికారికి చెప్పాలి. రజ్జుకుడు భేరి మోగించి జనపదానికీ, రఠికులకూ చెప్పాలి. మావటీలు, కరణాలు, బ్రాహ్మణులు తమ తమ శిష్యులకు నేర్పాలి. ఈ సీమలో ఒక సందేశం నడవాల్సిన దారిని రాసిపెట్టిన తొలి పత్రాల్లో ఇది ఒకటి. ఆ దారి స్థిరమైనది. నడుమ ఒక అధికారి మంచం పట్టినా, ఒక వాగు పొంగినా మాట ఎటు తిరగాలో అందులో లేదు.

రెండు వేల ఏళ్ల తర్వాత కూడా ఆ పద్ధతి పెద్దగా మారలేదు. 1786లో మద్రాసులో జనరల్ పోస్టాఫీసు పెట్టాక ఉత్తరాలు చౌకీ నుంచి చౌకీకి బంట్ల కాళ్ల మీద నడిచాయి. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉండి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు. గవర్నరు పోయిన వార్త కూడా అదే తపాలా దారిలో మద్రాసు చేరాలి. బంటుకు తర్వాతి చౌకీ తెలుసు, అంతే. వంక పారితే ఒడ్డున ఆగాలి. ఆగాడన్న సంగతి ఇవతల పంపినవాడికీ తెలియదు, అవతల ఎదురుచూసేవాడికీ తెలియదు.

ఇప్పుడు అదే పత్తికొండలో రేషన్ దుకాణం ముందో, మీసేవ కేంద్రంలోనో, బ్యాంకు కౌంటరు దగ్గరో వినపడే మాట ఒకటుంది: “సర్వర్ డౌన్, రేపు రాండి.” ఆ మాట విన్నవాళ్లంతా ఎక్కడో ఒక యంత్రం చెడిపోయిందనుకుంటారు. చాలాసార్లు ఆ యంత్రం నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. దాని దాకా పోయే దారి తెగి ఉంటుంది. దారి తెగిందని యంత్రాలే గుర్తించి, మనిషి వచ్చేలోపు ఇంకో దారికి మళ్లే విద్య యాభై ఏళ్లకు పైగా ఉంది. దాన్ని డైనమిక్ రూటింగ్ అంటారు. ఆ విద్య ఎలా పుట్టింది, ఒక సర్వరు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మీద దాన్ని అమర్చడం దాకా ఎలా వచ్చింది అన్నదే ఈ వ్యాస విషయం. ఈ చరిత్రను చాలామంది రూటర్ల కంపెనీల చరిత్రగా చెబుతారు. అది సగం కథే. సామాన్య కంప్యూటర్లలో ఈ విద్య మొదట వ్యాపించింది సర్వర్ల ద్వారానే. తర్వాత ప్రత్యేకమైన పెట్టెల్లోకి వెళ్లింది. ఈ పాతికేళ్లలో మళ్లీ సర్వరు దగ్గరికే వచ్చింది.

నెట్‌వర్కులో దారి అంటే పెద్ద రహస్యమేమీ కాదు. ప్రతి యంత్రంలోనూ ఒక పట్టిక ఉంటుంది. ఫలానా చిరునామాకు పోవాల్సిన ప్యాకెట్‌ను, అంటే సమాచారపు మూటను, ఫలానా ఇంటర్‌ఫేస్ గుండా ఫలానా పొరుగు యంత్రానికి అప్పగించాలి అని అందులో రాసి ఉంటుంది. తపాలా బంటుకు తర్వాతి చౌకీ తెలిస్తే సరిపోయినట్టే, యంత్రానికి తర్వాతి అడుగు తెలిస్తే చాలు. ఆ పట్టికను మనిషి చేత్తో రాస్తే స్టాటిక్ రూట్. యంత్రాలు పొరుగు యంత్రాలతో మాట్లాడుకుని తామే రాసుకుంటే డైనమిక్ రూటింగ్. ఆ మాటల వరసనూ గడువులనూ నిర్ణయించేది రూటింగ్ ప్రోటోకాల్.

1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ఆర్పానెట్ అనే తొలినాటి కంప్యూటర్ నెట్‌వర్కు మీద తొలి సందేశం వెళ్లింది. ఆ ఏడాది చివరికి అందులో ఉన్నవి 4 కేంద్రాలే. నాలుగింటికి పట్టిక చేత్తో రాసుకోవడం గంట పని. అయినా దాన్ని కట్టిన బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ ఇంజనీర్లు ఆ పని మొదటి నుంచీ యంత్రాలకే వదిలారు. ప్రతి యంత్రమూ సెకనులో మూడింట రెండు వంతుల కాలానికి ఒకసారి తన పట్టికను పొరుగువాళ్లకు వినిపించేది. పొరుగు చెప్పిన దూరానికి తన దూరం కలుపుకుని, తక్కువ దూరం ఎటు ఉంటే అటు మళ్లేది. రిచర్డ్ బెల్మన్, లెస్టర్ ఫోర్డ్ 1950లలో వేసిన గణితమే దీనికి ఆధారం.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. మన రోడ్ల మీద చూస్తే అది తేలిగ్గా తెలుస్తుంది. పత్తికొండ నుంచి ఆదోనికి ఆస్పరి మీదుగా పోతారు. మూడు ఊళ్లలోనూ ఒక్కో రూటరు ఉందనుకుందాం. ఆదోని ఆస్పరికి 1 అడుగు, పత్తికొండకు 2 అడుగులు. ఆదోనికీ ఆస్పరికీ మధ్య లింకు తెగింది. ఆ వార్త ఆస్పరి చెప్పేలోపే పత్తికొండ తన పాత పట్టిక వినిపిస్తుంది: ఆదోని నాకు 2 అడుగులు. ఆ 2 అడుగుల దారి తన గుండానే పోతోందని ఆస్పరికి తెలిసే వీలు లేదు. అందుకే పత్తికొండ మీదుగా నాకు 3 అని రాసుకుంటుంది. అది విని పత్తికొండ 4 అంటుంది. ఆస్పరి 5 అంటుంది. లెక్క పెరుగుతూ పోతుంది. ఆదోనికి పోవాల్సిన ప్యాకెట్లు మాత్రం ఆ రెండూళ్ల మధ్యే అటూ ఇటూ తిరుగుతుంటాయి. అనంతం దాకా లెక్కించడం అని ఇంజనీర్లు దీనికి పేరు పెట్టారు. నువ్వు చెప్పిన మాట నీకే తిరిగి చెప్పను అనే నియమం పెడితే రెండూళ్ల మధ్య గొడవ తీరుతుంది. మూడో ఊరు కలిసి చుట్టు తిరిగే దారి ఏర్పడితే అదే గొడవ మళ్లీ మొదలవుతుంది. పొరుగువాడు తన కళ్లతో చూసింది చెబుతున్నాడా, ఎవరో చెప్పింది తిరిగి చెబుతున్నాడా అన్న తేడా ఈ పద్ధతిలో కనపడదు. అసలు లోపం అక్కడుంది.

1979లో ఆర్పానెట్ ఈ పద్ధతిని వదిలేసింది. జాన్ మెక్‌క్విలన్, ఐరా రిచర్, ఎరిక్ రోజెన్ రూపొందించిన కొత్త పద్ధతిలో ఏ యంత్రమూ దూరాల గురించి మాట్లాడదు. నా పక్కన ఎవరున్నారు, ఆ లింకు ఎలా ఉంది అన్న ఒక్క ముక్కే చెబుతుంది. ఆ ముక్క నెట్‌వర్కు అంతటికీ పాకుతుంది. అందరి ముక్కలూ కూడగట్టుకుని ప్రతి యంత్రమూ ఒకే పటం గీసుకుంటుంది. పటం చేతికొచ్చాక దగ్గరి దారి వెతకడానికి డచ్చి శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా సూత్రం ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో కాఫీ తాగుతూ, కాగితం, పెన్సిలు లేకుండా, 20 నిమిషాల్లో ఆ సూత్రం తట్టిందని ఆయనే తర్వాత చెప్పాడు. ఆ సంగతి 1956 నాటిది. 1959లో అచ్చయిన ఆ చిన్న పత్రం ఇవాళ నెట్‌వర్కులకే కాదు, ఫోన్లో దారి చూపే పటాలకూ ఆధారం.

కొత్త పద్ధతికి మొదటి పరీక్ష 1980 అక్టోబరు 27న వచ్చింది. ఆ రోజు ఆర్పానెట్ మొత్తం కొన్ని గంటలు స్తంభించింది. కారణం ఒక యంత్రం మెమరీలో కొన్ని బిట్లు జారిపోవడం. ఏ వార్త కొత్తది, ఏది పాతది అని తేల్చడానికి ప్రతి వార్తకూ 0 నుంచి 63 దాకా ఒక వరస సంఖ్య వేసేవారు. 63 తర్వాత మళ్లీ 0. ఈ లెక్క గడియారం ముల్లులా చుట్టు తిరుగుతుంది. బిట్లు జారడం వల్ల ఒకే యంత్రం పేరున 8, 40, 44 అనే సంఖ్యలతో మూడు వార్తలు లోకంలో పడ్డాయి. చుట్టు లెక్కలో 40 కన్నా 44 కొత్తది. 8 కన్నా 40 కొత్తది. మరి 44 కన్నా? ఎదురు తిరిగి 8 కొత్తది. మూడూ ఒకదాన్నొకటి తరుముకుంటూ ఆగకుండా తిరిగాయి. ప్రతి యంత్రమూ ప్రతిసారీ కొత్త వార్త వచ్చిందని నమ్మి పొరుగుకు అందించింది. అసలు ప్యాకెట్లకు చోటు మిగల్లేదు. 1981లో రోజెన్ రాసిన నివేదికను నేను ఈ రంగంలోని గొప్ప చారిత్రక పత్రాల్లో ఒకటిగా లెక్కిస్తాను. తమ చేతులతో కట్టిన దాన్ని తామే విప్పి, లోపం ఇదీ అని అందరి ముందూ పెట్టిన నిజాయితీ అందులో ఉంది. 1983లో రేడియా పెర్ల్‌మన్ దీనికి మందు కనిపెట్టింది. వార్తకు ఆయుష్షు ఉండాలి. ఆయుష్షు తీరిన వార్తను ఎవరూ నమ్మకూడదు.

సరిగ్గా ఆ ఏడాదే సర్వర్ల వంతు వచ్చింది. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో ‘రూటెడ్’ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. తెర వెనక నిశ్శబ్దంగా నడిచే ఇలాంటి ప్రోగ్రాంలను డీమన్ అంటారు. ఒక వ్యాక్స్ కంప్యూటరుకు రెండు నెట్‌వర్క్ కార్డులు తగిలించి ఈ డీమన్‌ను నడిపితే అది సర్వరూ అయ్యేది, రూటరూ అయ్యేది. విద్యార్థుల లెక్కలు చేసే యంత్రమే పక్క విభాగం ప్యాకెట్లను దాటించేది. అది మాట్లాడే భాష జెరాక్స్ పరిశోధనశాల నుంచి వచ్చింది. 1988 జూన్‌లో చార్ల్స్ హెడ్రిక్ దాన్ని ప్రమాణంగా రాశాడు. దాని పేరు రిప్. 30 సెకన్లకు ఒకసారి పట్టిక వినిపించాలి, 180 సెకన్లు మాట రాకపోతే ఆ దారిని వదిలేయాలి, దూరం 16 అయితే దాన్నే అనంతంగా భావించాలి. ఆర్పానెట్ వదిలేసిన పాత పద్ధతే ఇది. అయినా యూనిక్స్‌తో పాటు వచ్చింది కాబట్టి లోకమంతా పాకింది. మెరుగైనదాని కన్నా చేతికి అందినదే నిలబడడం సాంకేతిక చరిత్రలో తరచూ జరుగుతుంది. ఇది అందుకు మంచి ఉదాహరణ.

తర్వాతి పదేళ్లలో పని సర్వర్ల నుంచి పెట్టెల్లోకి మారింది. రూటింగ్ తప్ప మరో పని చేయని యంత్రాలను సిస్కో, ప్రోటియాన్ వంటి కంపెనీలు అమ్మడం మొదలుపెట్టాయి. ప్రోటియాన్‌లో పనిచేసే జాన్ మోయ్ పటం గీసే పద్ధతిని అందరికీ ఉచితమైన ప్రమాణంగా మలిచాడు. 1989 అక్టోబరులో వెలువడిన ఆ ప్రోటోకాలే ఓఎస్‌పీఎఫ్. ఇప్పుడు వాడే రెండో రూపానికి 1998 ఏప్రిల్ నాటి పత్రం ఆధారం. పెర్ల్‌మన్ చెప్పిన మందు ఇందులో ఉంది: ఏ వార్తకైనా గరిష్ఠ ఆయుష్షు 3600 సెకన్లు. సంస్థకూ సంస్థకూ మధ్య దారులు చెప్పుకునే బీజీపీ కూడా 1989 నాటిదే. ఆ జనవరిలో ఆస్టిన్ నగరంలో జరిగిన సమావేశంలో, భోజనాల వేళ, కర్క్ లాహీడ్, యాకొవ్ రెక్టర్ దాని రూపురేఖలను చేతి రుమాలు కాగితాల మీద గీశారు.

ఈ ప్రమాణాల వెనక మనకు తెలిసిన ఇంటిపేరు కూడా ఒకటి కనపడుతుంది. ఓఎస్‌పీఎఫ్ మొదట లింకు ఉందా లేదా, దాని ఖరీదెంత అన్నది మాత్రమే చెప్పేది. ఆ లింకులో ఎంత బ్యాండ్‌విడ్త్ ఖాళీగా ఉందో కూడా చెప్పేలా 2003 సెప్టెంబరులో దాన్ని విస్తరించిన ముగ్గురిలో కిరీటి కొంపెల్ల ఒకరు. 2007 జనవరిలో దూరాన ఉన్న ఆఫీసులను ఒకే లోకల్ నెట్‌వర్కులా కలిపే రెండు వేర్వేరు ప్రమాణాలు వెంటవెంటనే వెలువడ్డాయి. ఒకదాని మీద కిరీటి కొంపెల్ల పేరు ఉంది, రెండో దాని మీద వాచ్ కొంపెల్ల పేరు ఉంది.

సర్వరు వైపు తిరుగు ప్రయాణం 1996లో జపాన్‌లో మొదలైంది. కునిహిరో ఇషిగురో ‘జీబ్రా’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాశాడు. అందులో ఒక్కో ప్రోటోకాల్‌కు ఒక్కో డీమన్. అవన్నీ తేల్చిన దారులను ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ పట్టికలో ఎక్కించేందుకు ఇంకో డీమన్. ఆ పని ఆగిపోతే ఇతరులు ‘క్వాగా’ పేరుతో కొనసాగించారు. అది అంతరించిపోయిన ఒక జీబ్రా జాతి పేరు. 2017లో దాని నుంచి ఎఫ్ఆర్ఆర్ పుట్టింది. ప్రాగ్‌లోని చార్ల్స్ విశ్వవిద్యాలయం విద్యార్థులు 1990ల చివర మొదలుపెట్టిన ‘బర్డ్’ ఇంకో శాఖ. వీటివల్ల మామూలు లైనక్స్ సర్వరు కూడా లక్షలు పోసి కొన్న రూటరుతో సమానంగా కూర్చుని మాట్లాడగలిగింది. ఇలా మాట్లాడాల్సిన అవసరాన్ని పెంచింది వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్. ఒకే ఐపీ చిరునామాను ఎన్నో ఊళ్లలోని సర్వర్లకు పెట్టి, ఎవరికి దగ్గరున్నది వాళ్లకు జవాబిచ్చేలా చేయాలంటే సర్వరే లేచి ‘ఆ చిరునామా నా దగ్గరుంది’ అని పొరుగు రూటరుకు చెప్పాలి. తన డీఎన్ఎస్ ప్రోగ్రాం పడిపోతే ఆ మాట తానే వెనక్కి తీసుకోవాలి. డీఎన్ఎస్‌కు మూలమైన రూట్ సర్వర్ల నకళ్లు 2005లో చెన్నై, ముంబయి, నోయిడాలకు వచ్చింది ఈ పద్ధతిలోనే. 2016 నాటికి పెద్ద డేటా సెంటర్లలో ప్రతి ర్యాకు దాకా బీజీపీ నడపడం ప్రమాణ పత్రంగా అచ్చయింది.

మన దేశంలో కథ వేరే దారిన నడిచింది. 1986లో విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్కు ఎర్నెట్ మొదలైనప్పుడు అందులో ఉన్నవి ఎనిమిది సంస్థలు. వాటిలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినది లేదు. జిల్లా కేంద్రాల దాకా మొదట వచ్చింది ప్రభుత్వ నెట్‌వర్కు నిక్‌నెట్, ఉపగ్రహం ద్వారా. చిన్న డిష్ నుంచి ఉపగ్రహానికి, అక్కడి నుంచి ఢిల్లీ హబ్‌కు. చక్రం ఆకుల్లా అన్నీ నడిబొడ్డుకే పోయే ఈ అమరికలో పొరుగు జిల్లాతో పొరుగు జిల్లాకు నేరుగా మాట లేదు. ఒకే దారి ఉన్నచోట దారి వెతికే విద్యకు పనేముంది? ఎర్రగుడి శాసనంలోని వరసే ఇక్కడా కనపడుతుంది. నేల మీద దారులు అల్లుకోవడం తర్వాతి మాట. 2000 సెప్టెంబరులో ఏర్పడిన రైల్వే సంస్థ రైల్‌టెల్ పట్టాల వెంట ఫైబరు వేసింది. 1871లో మద్రాసు రైల్వే లైను రాయచూరులో బొంబాయి లైనుతో కలిసినప్పటి నుంచీ గుత్తి, గుంతకల్లు, ఆదోని స్టేషన్లు ఆ దారిలోనే ఉన్నాయి. పంచాయతీలకు ఫైబరు వేసే కేంద్ర పథకానికి 2012లో ప్రయోగంగా ఎంచుకున్న మూడు చోట్లలో అప్పటి విశాఖ జిల్లాలోని పరవాడ ఒకటి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇస్తామంది. గోతులు తవ్వే ఖర్చు తప్పింది. కానీ స్తంభం కూలితే కరెంటుతో పాటు తీగా తెగుతుంది. రెండో దారి అవసరం అక్కడే మొదలవుతుంది.

ఇక అసలు అమరిక దగ్గరికి వద్దాం. ఆదోనిలో ఒక సంస్థకు లైనక్స్ సర్వరు ఉందనుకుందాం. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకటి గుంతకల్లు వైపు పోయే ఫైబరు రూటరుకు, ఇంకోటి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు పోయే ఫైబరు రూటరుకు కలిపారు. మొదటి నిర్ణయం చిరునామా గురించి. జనం వెతుక్కునే చిరునామాను ఈ రెండు కార్డుల్లో దేనికీ పెట్టకూడదు. లూప్‌బ్యాక్ అనే కల్పిత ఇంటర్‌ఫేస్‌కు, 10.40.0.1 లాంటి ఒంటరి చిరునామాగా పెట్టాలి. కార్డు చచ్చినా లూప్‌బ్యాక్ చావదు. తర్వాత ఎఫ్ఆర్ఆర్ ఎక్కించి, దాని డీమన్ల ఫైలులో ఓఎస్‌పీఎఫ్ డీమన్ ఎదుట ఉన్న ‘నో’ను ‘ఎస్’ చేయాలి. రూటర్ ఐడీ ఇవ్వాలి. అన్ని ఇంటర్‌ఫేస్‌లనూ మొదట మౌనంగా ఉంచి, ఈ రెండింటికే నోరు తెరిచే అనుమతి ఇవ్వాలి. రెండు కార్డులనూ, లూప్‌బ్యాక్‌నూ ఓఎస్‌పీఎఫ్ నడి భాగమైన ఏరియా 0లో చేర్చాలి. ఒక్కో కార్డుకు అవతల ఒక్క రూటరే ఉంది కాబట్టి రెండు కొసల లింకు అని చెబితే నాయకుణ్ని ఎన్నుకునే తతంగం తప్పుతుంది. గుంతకల్లు వైపు ఖరీదు 10, ఎమ్మిగనూరు వైపు 100 అని పెడితే సర్వరు నుంచి పోయే ప్యాకెట్లు మొదటి దారినే ఎంచుకుంటాయి. వచ్చే ప్యాకెట్ల దారిని తేల్చేది అవతలి రూటర్లలో ఉన్న ఖరీదు. కొత్తగా అమర్చేవాళ్లు దీన్ని తరచూ మరిచిపోయి, పోయే దారి ఒకటి, వచ్చే దారి ఇంకోటి అయ్యాక తలపట్టుకుంటారు.

అంతా రాసి డీమన్‌ను లేపితే సర్వరు 10 సెకన్లకు ఒకసారి 224.0.0.5 అనే ఉమ్మడి చిరునామాకు ‘హలో’ చెప్పడం మొదలుపెడుతుంది. ఆ హలోలో తాను విన్న పొరుగువాళ్ల పేర్లుంటాయి. అవతలివాడి హలోలో తన పేరు కనపడ్డాకే మాట రెండు వైపులా పోతోందని నమ్ముతుంది. అక్కడి నుంచి ఇద్దరూ తమ పటాలను పోల్చుకుని, లేనివి ఇచ్చిపుచ్చుకుని, పటాలు సమానమయ్యాక ‘ఫుల్’ అనే స్థితికి వస్తారు. ఇంజనీరు తెర మీద చూడాలని తహతహలాడే మాట అదే. అది రాకపోతే కారణాలు కొన్నే. ఫైర్‌వాల్ 89 నంబరు ప్రోటోకాల్‌ను ఆపి ఉండవచ్చు. అప్పుడు పొరుగే కనపడదు. హలో గడువు ఒకవైపు 10, ఇంకోవైపు 30 ఉంటే ఎవరి మాట వాళ్లు వింటూనే ఒకరినొకరు కాదంటారు. ప్యాకెట్ గరిష్ఠ సైజు ఒకవైపు 1500, ఇంకోవైపు 9000 ఉంటే పరిచయం దాకా సాఫీగా జరిగి, పటాల మార్పిడి గుమ్మంలో, ‘ఎక్స్‌స్టార్ట్’ దగ్గర గంటల తరబడి ఆగిపోతుంది. పింగ్ అనే చిన్న పరీక్షా ప్యాకెట్ మాత్రం చక్కగా పోతుంటుంది. అందుకే ఈ తప్పు పట్టుకోవడం కష్టం.

ఇంకో జాగ్రత్త ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. రెండు వైపులా మాట్లాడే సర్వరు పటంలో రూటరులాగే కనపడుతుంది. గుంతకల్లు లింకు ఇంకెక్కడో దెబ్బతింటే, మిగతా రూటర్లు ఈ సర్వరు గుండా దగ్గరి దారి ఉందని పటంలో చూసి ఊరి రద్దీనంతా దాని మీదకు తోలుతాయి. ఆ సర్వరులో ప్యాకెట్లు దాటించే అనుమతి లేకపోతే అవన్నీ అక్కడే మాయమవుతాయి. అందుకని సర్వరు తన లింకుల ఖరీదును మిగతా రూటర్లకు గరిష్ఠంగా, 65535గా ప్రకటించాలి. నా దగ్గరికి రండి, నా గుండా పోవద్దు అని చెప్పడమిది. ఎఫ్ఆర్ఆర్‌లో ఒక్క వాక్యంతో అయ్యే పని. అలాగే పొరుగుతో మాటలకు సంతకపు తాళం పెట్టాలి. లేకుంటే ఆ తీగకు తగిలించిన ఏ యంత్రమైనా పొరుగునని చెప్పుకుని తప్పుడు దారులు ప్రకటించగలదు.

ఇప్పుడు గుంతకల్లు వైపు తీగను జేసీబీ తెంపిందనుకుందాం. కార్డు వెలుగు ఆరితే మార్పు వెంటనే జరుగుతుంది. తీగ మధ్యలో ఎక్కడో తెగి, కార్డు వెలుగు అలాగే ఉంటే సర్వరు హలో కోసం ఎదురు చూస్తుంది. 40 సెకన్లు నిశ్శబ్దమైతే పొరుగు పోయినట్టు రాసుకుని, పటం మళ్లీ లెక్కగట్టి, ఎమ్మిగనూరు వైపు తిరుగుతుంది. 40 సెకన్లు కూడా ఎక్కువనుకుంటే బీఎఫ్‌డీ అనే తోడు ప్రోటోకాల్ సెకనులోపే చావు వార్త చెబుతుంది. క్యూలో నిలబడ్డవాళ్లకు ఏదీ తెలియదు. తెలియకపోవడమే ఈ విద్యకు పరమార్థం.

పొరుగు మాటను పరీక్షించకుండా నమ్మితే ఏమవుతుందో 2008 ఫిబ్రవరి 24న లోకం చూసింది. తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయిన పాకిస్థాన్ టెలికాం, యూట్యూబ్ చిరునామాల్లో ఒక ముక్క తనదేనని ప్రకటించింది. ఆ మాట సరిహద్దు దాటింది. దానికి ఇంటర్నెట్ అందించే పై సంస్థ ఆ మాటను వడకట్టకుండా ముందుకు పంపడంతో దాదాపు రెండు గంటలు ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ కనపడలేదు. 2021 అక్టోబరు 4న జరిగింది దీనికి తలకిందులు. ఫేస్‌బుక్ సంస్థలో ఒక నిర్వహణ ఆదేశం వెన్నెముక నెట్‌వర్కును తెంపేసింది. డేటా సెంటర్లు అందకపోయేసరికి వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు, తమకు నేర్పిన ప్రకారం, తామే పాడయ్యామని భావించి తమ చిరునామాల ప్రకటనలను బీజీపీలో వెనక్కి తీసుకున్నాయి. సర్వర్లన్నీ నడుస్తూనే ఉన్నాయి. వాటికి దారి చెప్పే మాట లోకంలో లేదు. సుమారు ఆరు గంటలు ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆగిపోయాయి. అన్ని సర్వర్లూ ఒకేసారి మౌనం వహించకూడదన్న ఒక్క నియమం ఉండి ఉంటే ఆ రోజు అంత దూరం పోయేది కాదని నా అభిప్రాయం.

ప్రోటోకాల్ ఉన్న దారుల్లో మంచిదాన్ని ఎంచుతుంది. లేని దారిని పుట్టించలేదు. రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకున్నా రెండు ఫైబర్లూ ఒకే స్తంభాల వరస మీద పోతుంటే, ఒక్క గాలివానకు రెండు హలోలూ ఒకేసారి ఆగుతాయి. ఇది తెలుసుకోవడానికి ఇంజనీరు కానక్కరలేదు. పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో కాలేజీకో, ఆసుపత్రికో, మార్కెట్ యార్డుకో, సచివాలయానికో కనెక్షన్ తీసుకునే బాధ్యత మీదైతే, సంతకం పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఈ ఊళ్లోకి తీగలు ఎన్ని వైపుల నుంచి వస్తున్నాయి? అవి మొదట ఎక్కడ కలుస్తున్నాయి? జవాబు కాగితం మీద రాయించుకోండి.